కిరసనాయిల్లో నిప్పురవ్వలు

రేవు అధికారి వచ్చి సరంగు ఇంటి తలుపు తట్టిన చోట కదూ పోయిన వారం ఆగాం! ఆయన ఇంకా గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. తలుపు తీసేలోగా, మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

సరంగుది ఏటికి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి జనాన్ని దాటించే పెద్ద ఇంజను పడవ. అది ఆగిపోయి నెల దాటింది. ఇంజన్లోకి నూనె చిమ్మే నాజిళ్ళు అరిగిపోయాయి. నాజిలంటే వేలెడు ఉక్కు ముక్క. దాని ముక్కు చుట్టూ వెంట్రుకల్లాంటి రంధ్రాలుంటాయి. నూనె వాటిలోంచి పొగమంచులా చిమ్మాలి. అవి అరిగితే ధార కడుతుంది, ఇంజను నల్లటి పొగ కక్కి కూలబడుతుంది. చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పడవ కొట్లో అట్టడుగున కొత్తవి నాలుగు దొరికాయి గానీ వాటికి రంధ్రాల్లేవు. ఏ ఇంజనుకి తగ్గట్టు ఆ ఇంజనుకి పెట్టుకోమని కంపెనీ ఉత్త ముక్కులతో వదిలేసిన రకం. గట్టిపరిచిన ఉక్కు కావడంతో, ఆనించిన డ్రిల్లు బిట్టల్లా పుటుక్కున విరిగింది.

అప్పుడే సరంగు భార్య నిప్పురవ్వతో రంధ్రం పెట్టే యంత్రం ఇంట్లోనే కడతానంది. పాడైన రేడియోలన్నీ ఆవిడ దగ్గరికే వస్తాయి కాబట్టి వీధంతా ఆవిడని రేడియో వదిన అంటారు. ఆవిడకి తోడు కూర్చుంది ఆడపడుచు. టూల్‌రూంలో ఏళ్ళ తరబడి లేతు మీద పనిచేసిన మనిషి. కొలతల దగ్గర ఆమె పట్టుదల చూసి అక్కడివాళ్ళు మిల్లీమీటరు అని పేరు పెట్టారు. కుడిచేతికి వణుకు పట్టుకున్నాక అదే టూల్‌రూం ఆమెని ఇంటికి పంపేసింది.

మూడు నాజిళ్ళు పూర్తయి ఇంజనుకెక్కాయి. నాలుగోది మొండికేసింది. పడవని విరగ్గొట్టే యార్డుకి లాక్కుపోవడానికి ఇవాళే గడువు. ఈలోగా ఇంజను పొగ లేకుండా నడిచి చూపిస్తే ఆ ఉత్తర్వు దానంతటదే రద్దవుతుంది. గడువు తీరకముందే అధికారి ఇంటికి వచ్చాడు.

తలుపు తీసింది సరంగు తల్లి.

"కాళ్ళు తుడుచుకో బాబూ," అంది, ఆయన నోరు తెరవకముందే.

ఆయన తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, "అమ్మా, లాంచీ వచ్చేసింది. పడవకి తాడు కట్టేస్తున్నారు. మీ అబ్బాయిని అడిగితే మా ఇంట్లో అడగండి, నాజిల్ అక్కడుంది అన్నాడు. అది అయిందా, కాలేదా? ఒక్క ముక్క చెబితే వెళ్ళిపోతాను," అన్నాడు.

"టీ పెడతా."

"నేను డ్యూటీలో ఉన్నానమ్మా."

"టీ కూడా డ్యూటీలోనే తాగు. కూర్చో."

ఆయన కూర్చోలేదు. లోపలి గదిలోంచి వస్తున్న వాసన ఆయన్ని లాగింది. ఇల్లంతా కిరసనాయిలు వాసన. దానికి తోడు, గోడకి తల ఆనించి ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు చిన్న చప్పుడు. చప్పుడు ఆగుతోంది, మళ్ళీ మొదలవుతోంది, మళ్ళీ ఆగుతోంది. ఆయన కర్టెను పక్కకి జరిపి తొంగి చూశాడు.

ఒకప్పుడు బట్టలుతికే గది అది. మధ్యలో చెక్క బల్ల, బల్ల మీద వంటింటి గట్టు నుంచి ఊడదీసిన రాతి పలక. ఆ పలక పోయినప్పటి నుంచి పెద్దావిడ కూరగాయలు ఒళ్ళో పెట్టుకుని తరుగుతోంది. ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెబుతోంది కూడా. పలక మీద ఇనప స్తంభం. దానికి బిగించిన ఒక జారుడు, అంటే పైకీ కిందకీ తప్ప పక్కకి వెంట్రుకవాసి కూడా కదలని ఇత్తడి పలక. దాని నెత్తిన తలకిందులుగా పాత లౌడ్‌స్పీకరు. స్పీకరు గుండె నుంచి వేలాడుతూ సన్నటి ఇత్తడి తీగ, గాజు గొట్టంలోంచి దిగి, గిన్నెడు కిరసనాయిల్లో మునిగిన నాజిల్ ముక్కుని చూస్తోంది. పక్కన వరసగా బల్బులు, ఎవరో మినుకుమనిపిస్తున్నట్టు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి.

"ఇంట్లో బాంబు చేస్తున్నారా?" అన్నాడు అధికారి.

ఆయన మాట ఎవరూ వినలేదు. లోపల అప్పటికే యుద్ధం జరుగుతోంది.

"నీ స్పీకరు చచ్చింది వదినా. తీగ ఉక్కుకి తగిలి అతుక్కుపోతుంటే పైకి లాగే ఓపిక దానికి లేదు," అంది ఆడపడుచు.

"నా స్పీకరుకేం, నిక్షేపంలా ఉంది. మూడు నాజిళ్ళు దానితోనే చెయ్యలేదూ? నీ జారుడే బిగుసుకుంది."

"నా జారుడా! అది నువ్వు ఊపిరి వదిలితే కిందకి దిగుతుంది!"

"దిగుతుంది, కాదన్నానా? ఎక్కాలిగా!"

"వదినా, నన్ననకు. ఆ జారుడు గీకడానికి ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళు కూర్చున్నానో నీకు తెలుసు."

"తెలుసు కాబట్టే నూనె వెయ్యమన్నా. పారెయ్యమన్లేదు."

"అమ్మా..." అన్నాడు అధికారి.

"ఉండండి!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

ఆయన ఉన్నాడు. వెనకాల పెద్దావిడ టీ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టింది. పుచ్చుకున్నాడు.

బల్బులు ఒక్కసారిగా నిండుగా వెలిగాయి. అంటే తీగ ఉక్కుని పట్టుకుని వదలడం లేదన్నమాట. నిప్పురవ్వ పుట్టాలంటే తీగకీ ఉక్కుకీ మధ్య కాస్త ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలో రవ్వ దూకినప్పుడల్లా ఉక్కు ఇసుకరేణువంత కరిగి రాలుతుంది. తగిలి కూర్చుంటే రవ్వా లేదు, రంధ్రమూ లేదు. వదిన చటుక్కున జారుడు మీట ఎత్తి తీగని పైకి లేపింది. చప్పుడు ఆగిపోయింది. గదిలో గిన్నెలోని కిరసనాయిలు ఊగుతున్న చప్పుడు మాత్రం మిగిలింది.

ఆడపడుచు భూతద్దం పెట్టి చూసింది. ఆఖరి నాజిల్‌కి ఆఖరి రంధ్రం. సగం దాకా దిగి అక్కడే ఉంది. పొద్దుటి నుంచీ అంతే. కిరసనాయిలు మార్చినా అంతే, తీగ మార్చినా అంతే.

ఆమె భూతద్దం కింద పెట్టేసింది.

"ఇక చాలు వదినా. ఆయన్ని పడవ లాక్కుపొమ్మను."

"ఏం మాటలవి?"

"నిజం మాటలు. నాకు చేతకాదని టూల్‌రూంలో వాళ్ళు మర్యాదగానే చెప్పారు. నువ్వే వినలేదు. నీ మొగుడి పడవకి ఒక మనిషి కావలసొచ్చింది, ఇంట్లో ఖాళీగా నేను కనబడ్డాను, పిలిచావు. నేనూ సిగ్గులేకుండా వచ్చి కూర్చున్నాను."

వదిన ఆమె వైపు పూర్తిగా తిరిగింది.

"పడవకా?" అంది వదిన. "నేను నిన్ను పడవ కోసం పిలిచానా?"

"కాక?"

వదిన బల్ల కింద నుంచి ఒక తీగచుట్ట లాగింది. ఎర్రటి రాగి తీగ. చుట్టిన తీరు నేర్చుకుంటున్న మనిషిది. ఒకచోట ఎత్తు, ఒకచోట పల్లం.

"ఇది నేను చుట్టిన మొదటి చుట్ట. పనికిరాలేదు, అది వేరే సంగతి. ఎప్పుడు చుట్టానో తెలుసా? నువ్వు ఈ ఇంటికి పెట్టె పట్టుకుని వచ్చిన వారానికి. పడవ అప్పుడు హాయిగా తిరుగుతోంది. మీ అన్నయ్య రోజూ ఈల వేసుకుంటూ ఇంటికొస్తున్నాడు."

ఆడపడుచు చుట్ట వైపు చూసింది.

"నువ్వు గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికేవి. అది మేం చూడకూడదని గోడవైపు తిరిగి తాగేదానివి. మేం చూడలేదనుకున్నావా? స్పానరు తిప్పలేని చెయ్యి అని వాళ్ళు పంపేశారు, సరే. మరి స్పానరు అక్కర్లేని పని ఏముంటుందీ అని నేను వెతకడం మొదలుపెట్టా. నొక్కక్కర్లేకుండా, బిగించి పట్టుకోనక్కర్లేకుండా రంధ్రం పెట్టాలి. నిప్పురవ్వకి చేతిబలం అక్కర్లేదని అప్పుడు తెలిసింది. కొలత తెలిసిన బుర్ర ఉంటే చాలు. అలాంటి బుర్ర మనింట్లో ఒకటే ఉంది, అది నాది కాదు. యంత్రం నీ కోసం మొదలుపెట్టా. పడవ మధ్యలో ఆగి, వచ్చి చేరింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే జాలి అనేదానివి. జాలి అన్న మాటకి నువ్వు ఒంటికాలి మీద లేస్తావు. పడవ కోసం అంటే మాత్రం వచ్చి బల్ల దగ్గర కూర్చుంటావు. కూర్చోలేదూ?"

ఆడపడుచుకి వచ్చింది కోపమో ఏడుపో ఆమెకే తెలియదు. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి జారుడు మీట పట్టుకుంది. తీగని గొట్టంలోంచి పూర్తిగా బయటికి లాగేసి, ఇవాళ్టికి పని ముగిసిందని చెప్పేద్దామని. కానీ కళ్ళు మసకబారడంతో మీట పైకి వెళ్ళాల్సింది కిందకి దిగింది. ఆమె కుడిచెయ్యి, మనసు కలత పడ్డప్పుడల్లా వణికే ఆ చెయ్యి, ఇప్పుడు గాలికి ఆకులా వణుకుతోంది. మీట దానితో పాటు వణికింది. జారుడు, తీగ దానితో పాటు వణికాయి. పక్కకి కదలనివ్వని జారుడు కదా, ఆ వణుకంతా పైకీ కిందకీ మళ్ళింది.

గిన్నెలో చప్పుడు మారిపోయింది.

ఇందాకటి పళ్ళు కొరికే చప్పుడు కాదది. రేకు కప్పు మీద ఒక్కసారిగా చిరుజల్లు అందుకున్నట్టు సన్నగా, ఒత్తుగా, ఎడతెగకుండా వచ్చింది. బల్బులు నిండుగా వెలగడం మాని సగం వెలుగుతో నిలకడగా ఉన్నాయి. కిరసనాయిలు అడుగున నీలి చుక్క ఒకటి నిలిచి మెరిసింది.

రేడియోల గురగురలో స్టేషను పట్టుకునే చెవి కదా వదినది. ఉలిక్కిపడి అరిచింది.

"చెయ్యి తియ్యకు!"

"ఏంటి?"

"తియ్యకు, తియ్యకు! అలాగే ఉంచు. విను!"

విన్నారు. గుమ్మంలో అధికారి కూడా టీ గ్లాసు పెదాల దగ్గరే ఆపి విన్నాడు.

ఆడపడుచు కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి గిన్నెలోకి వంగింది. నాజిల్ ముక్కు దగ్గర నుంచి నల్లటి మసి పోగులు పోగులుగా పైకి లేస్తోంది, నీళ్ళలో సిరా వదిలినట్టు. పొద్దుటి నుంచి ఒక్క పోగు కూడా పైకి రాలేదు.

"మసి వదినా!" అంది. గొంతులో ఏడుపు ఎక్కడికి పోయిందో పోయింది. "ఈ నాజిల్ ముక్కు మిగతావాటికన్నా మందం. గుంట లోతు. కరిగిన ఉక్కు పొడి పైకి రాలేక అడుగునే కూర్చుంది. తీగ ఆ పొడిని తగులుతోంది, ఉక్కుని కాదు. నీ స్పీకరు తప్పు కాదు, నా జారుడు తప్పూ కాదు!"

"ఇప్పుడెలా వస్తోంది పైకి?"

"తీగ ఊగుతోందిగా. ఊగినప్పుడల్లా కిరసనాయిలు లోపలికి పోయి బయటికి వస్తోంది. గుంట దానంతటదే కడుక్కుంటోంది."

"తీగని ఊపుతోంది ఎవరు?"

ఆడపడుచు తన చేతి వైపు చూసుకుంది.

ఆ చెయ్యి మీద ఆమెకి చాలా కోపం. అద్దం ముందు జడ వేసుకోనివ్వని చెయ్యి. ఇన్నేళ్ళ పనిని ఒక్క వణుకుతో ఊడ్చేసిన చెయ్యి. అదిప్పుడు మీట మీద తన మానాన తాను వణుకుతోంది. దాని కింద, ఏ డ్రిల్లూ దిగని ఉక్కులోకి, నిప్పురవ్వ తిన్నగా దిగుతోంది.

ఆమెకి నవ్వొచ్చింది. ముందు చిన్నగా వచ్చి, తర్వాత ఆపుకోలేనంత. వదిన కూడా నవ్వడం మొదలుపెట్టింది. గొడవంతా ఇక్కడే వచ్చింది. నవ్వితే మనసు తేలికపడింది, మనసు తేలికపడితే చెయ్యి నెమ్మదించింది. చెయ్యి నెమ్మదించగానే చిరుజల్లు ఆగి మళ్ళీ పళ్ళు కొరకడం మొదలైంది. బల్బులు నిండుగా వెలిగాయి.

"అయ్యో, నవ్వకే! కోపం తెచ్చుకో!" అంది వదిన కంగారుగా.

"రావట్లేదు!"

"టూల్‌రూం వాళ్ళని తలుచుకో."

"తలుచుకున్నా. రావట్లేదు. పాపం, వాళ్ళేం చేస్తారు అనిపిస్తోంది."

"ఇప్పుడా నీకు జాలి పుట్టేది!"

గుమ్మంలోంచి పెద్దావిడ అందుకుంది. "పోనీ నన్ను తలుచుకో. నీ చీర ఉతికి రంగు పోగొట్టింది నేనే. ధోబీ కాదు."

"నాకు ముందే తెలుసమ్మా!"

అప్పుడు రేవు అధికారి గొంతు సవరించుకున్నాడు. టీ గ్లాసు కిటికీ మీద పెట్టి, చొక్కా సర్దుకుని, ఉత్తర్వులు చదివే గొంతుతో అన్నాడు.

"అమ్మా, ఒక మాట. ఆ పడవని యార్డులో ముందు చుక్కాని దగ్గర కోస్తారు. చుక్కాని ఊడదీశాక గ్యాసు కట్టరుతో నడుం మీద రెండు ముక్కలు చేస్తారు. నేను చాలా చూశాను. మీ అన్నయ్యగారు అక్కడే నిలబడి చూస్తారు. అందరూ నిలబడే చూస్తారు."

గది చల్లబడిపోయింది. ఆడపడుచు ఆయన వైపు చురచుర చూసింది. చెయ్యి వణికింది. రేకు మీద చిరుజల్లు మళ్ళీ అందుకుంది.

"ఇంకా చెప్పండి," అంది వదిన, కళ్ళు గిన్నె మీద నుంచి తిప్పకుండా.

ఆయన చెప్పాడు. ఇంజనుని ఎలా తూకం వేసి అమ్ముతారో చెప్పాడు. పలకల మీద పేరు ఎలా గీకేస్తారో చెప్పాడు. చెబుతూ చెబుతూ ఆయన గొంతే మారిపోయింది, కళ్ళు చెమ్మగిల్లాయి. చిన్నప్పుడు బడికి వెళ్ళింది తాను కూడా అలాంటి పడవ మీదే. అయినా ఆపకుండా, ఆడపడుచు చెయ్యి కాస్త నెమ్మదించినప్పుడల్లా ఇంకో ఘోరం వెతికి మరీ చెప్పాడు.

ఉన్నట్టుండి చప్పుడు తెగిపోయింది. బల్బులన్నీ ఆరిపోయాయి.

ఆడపడుచు మీటని ఇంకాస్త దించి చూసింది.

"తగల్లేదు, అతుక్కోలేదు," అంది ఆడపడుచు మెల్లగా. "తీగకి ఎదురేమీ లేదు వదినా. అవతలికి పోయింది."

నాజిల్ని గిన్నెలోంచి తీసి తుడిచింది వదిన. సూది లేని సిరంజిలో శుభ్రమైన నూనె నింపి, నాజిల్ వెనక బిగించి ఆడపడుచు చేతికిచ్చింది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతోంది. రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి గట్టిగా నొక్కింది.

ముక్కు చుట్టూ చిమ్మింది నూనె. చక్రానికి ఆకుల్లా అన్నివైపులా ఒకే పొడవున, ఒకే సన్నదనాన, ఎండలో వెండి దారాల్లా మెరిసి పొగమంచై కరిగిపోయింది. ఒక్కటి కూడా వంకర లేదు, ఒక్క చుక్క కూడా కారలేదు.

"మళ్ళీ," అన్నాడు అధికారి.

ఆమె మళ్ళీ నొక్కింది. ఆయన చొక్కా మీద నూనె తుంపర పడింది. తుడుచుకోలేదు.

పెద్దావిడ అంది: "చూశావుగా బాబూ. ఇక నా రాయి నాకిచ్చెయ్యమని చెప్పు."

*

నాజిల్ని చీరకొంగులో చుట్టి పట్టుకుని వదిన ముందు పరిగెత్తింది. వెనక ఆడపడుచు. వాళ్ళ వెనక, పదవిలో ఉన్నవాళ్ళు పరిగెత్తకూడదని తెలిసిన మనిషి కాబట్టి, చాలా వేగంగా నడుస్తూ రేవు అధికారి.

రేవులో లాంచీవాళ్ళు పడవ ముక్కుకి తాడు బిగించేశారు. సరంగు ఇంజను గదిలో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నెల రోజుల నుంచి ఆయన గడ్డం గీసుకోలేదు. ఇవాళ మాత్రం నున్నగా గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. పడవని సాగనంపడానికి తయారయ్యాడన్నమాట. భార్య చేతిలో కొంగుముడి చూసి లేచి నిలబడ్డాడు.

"అయిందా?"

"మాటలు తర్వాత. స్పానరు అందుకోండి," అంది ఆవిడ.

ఆడపడుచు దగ్గరుండి బిగింపించింది. "ఇంకో పిసరు అన్నయ్యా. చాలు. చాలన్నానా? వెనక్కి పావు తిప్పు." సరంగు నోరెత్తకుండా పావు తిప్పాడు. ఏటి మీద ఎవరి మాటా వినని మనిషి.

ఇంజను మొదటిసారి తిప్పితే దగ్గింది. రెండోసారి తిప్పితే దగ్గి, ఒళ్ళు విరుచుకుని, ఊరుకుంది. గట్టు మీద జనం పోగయ్యారు. లాంచీ మీద ఒకతను, "ఇంకెందుకు సారూ, లాగేద్దాం," అన్నాడు.

"నోరు మూసుకుని ఉండు," అన్నాడు రేవు అధికారి.

మూడోసారి అందుకుంది. ముందు ఒక్క దెబ్బ, దాని వెనక ఇంకోటి, తర్వాత నాలుగు సిలిండర్లూ వరస కలుపుకుని ఒకే లయలో నడవడం మొదలుపెట్టాయి. పడవ పలకలన్నీ సన్నగా అదిరాయి. అందరూ తలలెత్తి పొగగొట్టం వైపు చూశారు. గుప్పెడు తెల్లటి ఆవిరి వచ్చింది. ఆ తర్వాత గొట్టం మీద గాలి మాత్రం ఎండలో వణుకుతూ కనిపించింది. పొగ లేదు.

గట్టు మీద ఎవరో ఈల వేశారు. చేపల బుట్ట నెత్తిన ఉన్న ఒకావిడ బుట్ట దించి మరీ చప్పట్లు కొట్టింది. సరంగు ఇంజను మీద చెయ్యి ఆనించి, అటువైపే తిరిగి నిలబడ్డాడు. చాలాసేపటి దాకా ఇటు తిరగలేదు.

"అన్నయ్యా," అంది ఆడపడుచు.

"ఊఁ."

"ఏడుస్తున్నావా?"

"నూనె పడింది కంట్లో."

"పడదు. నేను పెట్టిన రంధ్రాలు కారవు."

అప్పుడు తిరిగి, చెల్లెల్ని తల మీద చెయ్యేసి దగ్గరికి లాక్కున్నాడు. ఆమెకి ఊపిరాడలేదు. వదిన అంది: "సరే సరే, అవతలి ఒడ్డు దాకా వెళ్ళి వస్తేనే పరీక్ష. ఆ తర్వాత ఎంత ఏడ్చినా ఎవరూ అడగరు."

లాంచీ తాడు అధికారి తన చేతుల్తోనే విప్పాడు. విప్పి పడవలోకి ఎక్కాడు, ఆయనతో పాటు గట్టు మీద ఉన్న జనంలో సగం మంది ఎక్కేశారు. ఇది పరీక్ష, ప్రయాణం కాదని ఆయన చెప్పిచూశాడు. వాళ్ళు విన్నట్టు తలూపి కూర్చున్నారు.

పడవ గట్టు వదిలింది. నెల రోజులుగా ఖాళీగా ఉన్న ఏరు రెండుగా చీలి దారి ఇచ్చింది. నడి ఏట్లో ప్రవాహం బలంగా ఉండే చోట ఇంజను ఎప్పుడూ మూలిగేది. ఇప్పుడు ఆ చోటు దాటిపోయిందని కూడా ఎవరికీ తెలియలేదు. సరంగు ఈల వేస్తున్నాడు. ఆడపడుచు వెనక రెయిలింగు దగ్గర నిలబడి పడవ వెనక లేస్తున్న తెల్లటి నురగ చూస్తోంది. ఒక ముసలాయన పక్కకి వచ్చి, "ఇంజను ఎవరు బాగుచేశారమ్మా?" అని అడిగాడు.

ఒకప్పుడైతే ఎవరో మెకానిక్ అనేసేది.

"నేను," అంది. "నేనూ మా వదినా."

అవతలి ఒడ్డు తాకి పడవ వెనక్కి తిరిగాక, చుక్కాని గదిలో రేవు అధికారి వైర్‌లెస్ అందుకున్నాడు. ఆయన వెనకే వదిన నిలబడింది.

"రేవు ఆఫీసుకి చెబుతున్నాను. పడవ నడుస్తోంది. పొగ లేదు. ఉత్తర్వు రద్దు. ఏమన్నారూ? నాజిళ్ళు ఎక్కడి నుంచి తెప్పించారా? ఎక్కడి నుంచీ తెప్పించలేదు. రంధ్రాలు ఇంట్లోనే పెట్టారు. అవునండీ, ఇంట్లోనే. నిప్పురవ్వతో. నా కళ్ళారా చూశాను. ఇద్దరు ఆడవాళ్ళు."

అవతల ఆఫీసు గుమాస్తా నవ్వుతున్న చప్పుడు వినిపించింది. ఆ నవ్వు మీద అడ్డుపడుతూ ఇంకో గొంతు వచ్చింది. కొత్త గొంతు, అరుస్తున్న గొంతు, వెనకాల గాలి హోరు.

"ఎవరది? ఆ మాట మళ్ళీ చెప్పండి. రంధ్రాలు ఎవరు పెట్టారు?"

అధికారి వెనక్కి తిరిగి వదిన వైపు చూశాడు. ఆవిడ ఆయన చేతిలోంచి మైకు తీసేసుకుంది.

"మేం పెట్టాం. మీరెవరు?"

"ఓడ మీద చీఫ్ ఇంజనీర్ని. ఏరు సముద్రంలో కలిసే చోట, బయటి వైపు ఉన్నాం. మా నాజిళ్ళు పూడుకుపోతే శుభ్రం చేస్తూ సూదులు విరగ్గొట్టుకున్నాం. ముక్కలు రంధ్రాల్లోనే ఇరుక్కున్నాయి. గట్టి ఉక్కు, దేనికీ రావడం లేదు. ఇంజన్లు చచ్చాయి. ఓడ నిండా ప్రయాణికులమ్మా. గాలి ఒడ్డు వైపు తిరిగింది, కింద రాళ్ళున్నాయి. మా నాజిళ్ళు మీ దగ్గరికి పంపి తెప్పించుకునే టైము లేదు. మీ యంత్రాన్నే ఇక్కడికి తేగలరా?"

చుక్కాని గది గుమ్మంలోకి ఆడపడుచు వచ్చి నిలబడింది. చివరి మాటలు విన్నది. కదిలే ఓడ మీద గిన్నెడు కిరసనాయిలు, అందులో వెంట్రుకవాసి ఖాళీలో దూకాల్సిన నిప్పురవ్వ. వదినా ఆడపడుచూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రాతి పలకతో సహా తేవాలి. లేకపోతే నిలవదు," అంది ఆడపడుచు.

"అత్తయ్యకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అంది వదిన.

వైర్‌లెస్ గురగురమంది. ఆ గొంతే మళ్ళీ వచ్చింది. ఈసారి అరవడం లేదు. ఒక్కో మాటా విడివిడిగా, మెల్లగా పలికింది.

"వస్తే ఇప్పుడే రండి. మా లంగరు గొలుసు తెగిపోయింది."

చుక్కాని దగ్గర సరంగు ఈల ఆపి, ఇంజను హ్యాండిల్ని చివరంటా ముందుకు తోశాడు.